మీ బిడ్డకు ప్రత్యేక విద్య సాయం కావాలనిపిస్తే: బడిలో ఎవరిని అడగాలి, ఏం రాయించుకోవాలి

"చిన్నోడే కదా, పెద్దగైతే అన్నీ వస్తయి." "వాళ్ల నాయిన గూడ లేటుగనే మాట్లాడిండు." మన వరంగల్, ములుగు, జనగామ వైపు ఈ మాటలు వినని ఇల్లు ఉండదు. ప్రేమతోనే అంటారు, కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది. కానీ ఆ మాట పట్టుకుని కూర్చుంటే ఒకటో తరగతి పిల్ల నాలుగో తరగతికి వచ్చేస్తుంది, పుస్తకాలు మారుతుంటాయి, అక్షరాలు మాత్రం అక్కడే ఉంటాయి, ఆ పిల్లకు బడి అంటేనే భయం పట్టుకుంటుంది. నేను మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తాను. తల్లిదండ్రులు నన్ను రోజూ అడిగేవి ఇవే కాబట్టి మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. వైకల్య సర్టిఫికెట్ వేరు, చదువులో సాయం వేరు. చాలామంది "సదరం అయినంక చూద్దాం" అని (సదరం అంటే వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం) ఏడాది ఆగుతారు, కొన్ని బడులు కూడా అదే చెప్పి పంపేస్తాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులతో నడిచే బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి అయినా, పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేయాలి, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందుల్ని వీలైనంత తొందరగా గుర్తించి బోధన మార్చాలి. వైకల్యం 40 శాతం ఉంటేనే టీచర్ సాయం చేయాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. 40 శాతం లెక్క వేరే ప్రయోజనాలకు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి

రెండు మూడు వారాలు మీ కంటికి కనిపించింది రాయండి, తేదీ వేసి. "చదువు రాదు", "మొండి", "సోమరి" అని రాయకండి, అవి ఎవరికీ పనికిరావు. ఏం జరిగిందో అదే రాయండి. మన తెలుగులో చదవడం రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లల నోట్సు చూస్తే కొన్ని పదేపదే కనిపిస్తాయి: ప, వ, ష కలిసిపోతాయి, మ రాయమంటే య రాస్తారు, ఒత్తు ఎగిరిపోయి "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది, కి కీ, కు కూ తేడా నిలవదు, బోర్డు మీదిది దించుకోవడం వస్తుంది గానీ అదే మాట చెప్పి రాయమంటే పెన్ను ఆగిపోతుంది. ఒకటో తరగతిలో ఇవన్నీ మామూలే. మూడో తరగతి సగానికి వచ్చినా పోకపోతే, అదే పిల్ల నోటితో కథ మొత్తం చక్కగా చెప్పగలుగుతుంటే, అప్పుడు ఆలోచించాలి.

చదువు ఒక్కటే చూడకండి. పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా, కళ్లలోకి చూసి మాట్లాడుతుందా, రెండు పనులు కలిపి చెప్తే ("చెంబు లోపల పెట్టి తువ్వాల తీసుకురా") చేయగలదా, గుండీలు పెట్టుకుంటుందా, తోటి పిల్లలతో ఆడుతుందా లేక ఒక్కతే ఒకే ఆట తిప్పి తిప్పి ఆడుతుందా, నడుస్తూ తరచూ పడిపోతుందా. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలైపోవడం కనిపిస్తే దాన్ని తప్పకుండా రాయండి, ఒక రకం ఫిట్స్ అలాగే ఉంటాయి, క్లాసులో దాన్ని ధ్యాస లేకపోవడం అనుకుంటారు.

బిడ్డ ఇంకా బడికి పోని వయసైతే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఏడాదికి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. ఈసారి ఎప్పుడు వస్తారో కనుక్కుని ఆ రోజు మీరు అక్కడ ఉండండి. క్యూలో నిలబెట్టి ఒక్కొక్కరినీ త్వరత్వరగా చూసేటప్పుడు మీ నోట్‌బుక్‌లో ఉన్న విషయం వాళ్లకు తెలిసే అవకాశం ఉండదు, మీరే చెప్పాలి.

కళ్లు, చెవులు చూపించకుండా వేరే పరీక్ష ఏదీ వద్దు

ఈ వరుస మార్చకండి. పరకాల వైపు ఒక ఊళ్లో ఒక పాపను మూడేళ్లు "మందబుద్ధి" అన్నారు. క్లాసులో వెనక బెంచీ, పిలిస్తే పలకదు, డిక్టేషన్ రాయదు. ఆ పాపకు ప్రతి వానాకాలం చెవి కారేది, ఇంట్లో వేడి నూనె పోసేవాళ్లు. వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ సరిగా వినపడట్లేదని తేలింది. చెవికి వైద్యం, వినికిడి యంత్రం, ముందు బెంచీ ఈ మూడూ అయ్యాక పాప చదవడం మొదలుపెట్టింది. ఆ మూడేళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

వినికిడికి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. కంటికి వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. దూరపు మండలాల వాళ్లు మీ జిల్లా ఆస్పత్రిలో అడగండి. చప్పట్లు కొట్టి "వినపడుతుంది లే" అనుకోవద్దు. చప్పట్లు వినపడే పిల్లలకు కూడా స, శ, త, ద లాంటి శబ్దాలు వినపడకపోవచ్చు. ఆడియోమెట్రీ (వినికిడి కొలిచే పరీక్ష) చేయించి కాగితం తీసుకోండి. చెప్పినట్టు చేయలేని చిన్న పిల్లలకైతే నిద్రపుచ్చి చేసే బేరా పరీక్ష ఉంటుంది.

బడికి నోటితో కాదు, కాగితంతో చెప్పండి

క్లాస్ టీచర్‌తో ముందు మాట్లాడాల్సిందే, అందులో మొహమాటం వద్దు. కానీ "మా వాడు ఎట్ల చదువుతున్నడు సార్?" అని అడిగితే "పర్లేదమ్మా, ఇంకా చదివించండి" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: క్లాసులో ఏ పనిలో ఆగిపోతున్నాడు? మిగతా పిల్లలకు ఒకసారి చెప్పింది వీడికి ఎన్నిసార్లు చెప్పాలి? మీరు ఏదైనా మార్చి చూశారా, మారిస్తే ఏమైంది? ఈ మూడు ప్రశ్నలకు టీచర్ ఆలోచించి జవాబు చెప్తారు, ఆ జవాబు కూడా మీ నోట్‌బుక్‌లోకి వెళ్లాలి.

తర్వాత హెడ్‌మాస్టర్‌కు దరఖాస్తు రాయండి. సర్కారు బడి అయినా, ప్రైవేటు బడి అయినా ఒకటే. పెద్ద భాష అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు:

"ప్రధానోపాధ్యాయులు గారికి, మా పాప మీ బడిలో 3వ తరగతి చదువుతోంది. ఇంట్లో మేము గమనించినవి ఇవి: ఒత్తులు రాయలేకపోతోంది, చూసి రాస్తుంది గానీ విని రాయలేదు, ఒక పేరా చదవడానికి చాలాసేపు పడుతోంది. కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించాము, కాగితాలు జతచేశాము. పాపకు ప్రత్యేక అవసరాలు ఉన్నాయేమో తేల్చడానికి ప్రశస్త్ చెక్‌లిస్ట్ నింపించి, మండల రిసోర్స్ పర్సన్‌తో పరిశీలన చేయించి, అవసరమైతే నిపుణుల దగ్గరికి పంపాలని కోరుతున్నాము. ఏ పరీక్ష చేసినా ముందుగా మాకు తెలియజేసి, నివేదిక కాపీ ఇవ్వగలరు."

రెండు కాపీలు తీయండి, ఒకదాని మీద బడి ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. ఈ చిన్న పని చేయనివాళ్లే ఎక్కువమంది. తర్వాత "మీరు ఎప్పుడు అడిగారు?" అనే ప్రశ్న వచ్చినప్పుడు ఆ ముద్రే మాట్లాడుతుంది.

దరఖాస్తులో చెప్పిన ప్రశస్త్ అనేది ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన యాప్. చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల లక్షణాలను దృష్టిలో పెట్టుకుని ప్రశ్నలు ఉంటాయి. మొదటి భాగం క్లాస్ టీచర్ నింపుతారు, అందులో ఏదైనా తేలితే రెండో భాగం ప్రత్యేక విద్య తెలిసినవాళ్లు చూస్తారు. ఇది జల్లెడ మాత్రమే, జబ్బు పేరు చెప్పదు. యాప్‌లో ఏదో వచ్చిందని ఎవరైనా మీ బిడ్డకు ఆటిజం అనో, ఇంకోటనో పేరు పెట్టేస్తే ఒప్పుకోకండి. అలాగే యాప్‌లో ఏమీ రాలేదు కాబట్టి ఏమీ లేదు అన్నా, మీ నోట్‌బుక్ వేరే చెప్తుంటే, అక్కడితో ఆగకండి.

భవిత కేంద్రం, ఐఈఆర్‌పీ

మండల కేంద్రాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం కింద భవిత కేంద్రాలు నడుస్తాయి, అక్కడ ఐఈఆర్‌పీలు (ఇంక్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు) ఉంటారు, దరఖాస్తులో రాసిన మండల రిసోర్స్ పర్సన్ అంటే వీళ్లే. వీళ్లు ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవాళ్లు. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే మీ మండలం వాళ్లెవరో చెప్తారు. ఐఈఆర్‌పీ బిడ్డను బడిలో, ఆటలో, తినేటప్పుడు చూస్తారు, తరగతి పుస్తకంతో కాకుండా బిడ్డకు ఎక్కడి వరకు వచ్చో అక్కడి నుంచి చూస్తారు. ఐదో తరగతి పిల్లాడైనా రెండో తరగతి పాఠం దగ్గర ఆగితే ఆగినచోటే రాసుకుంటారు. ఫిజియోథెరపీ అవసరమైన పిల్లలకు థెరపిస్ట్ వచ్చే రోజు ఏదో అడిగి, ఆ రోజు తప్పకుండా తీసుకెళ్లండి. మంచం దిగలేని పిల్లలకు ఇంటికే వచ్చి చెప్పే పద్ధతి కూడా ఉంది, "బడికి రాడు కాబట్టి మాకు సంబంధం లేదు" అనే జవాబు చెల్లదు.

ఇక్కడే ఇంకో పని చేయించుకోండి. యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ లెక్కలో) మీ బిడ్డ పేరు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కింద నమోదైందా అని హెడ్‌మాస్టర్‌ను అడగండి. ఆ లెక్కలో లేని బిడ్డకు ఉపకరణాలు గానీ, తోడుగా వచ్చేవారికి ఇచ్చే ఎస్కార్ట్ అలవెన్స్ గానీ, రవాణా భత్యం గానీ, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు ఇచ్చే స్టైపెండ్ గానీ రావడం కష్టం. పేరు రాయిస్తే పరువు పోతుందని వెనకాడే తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ క్లాసులో ఆ లెక్క చదివి వినిపించరు, నోటీసు బోర్డు మీద పెట్టరు.

సమగ్ర శిక్ష వాళ్లు జిల్లాలో నిర్ధారణ శిబిరాలు పెడతారు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కాళ్లకు ఆసరాగా కట్టే కాలిపర్లు లాంటివాటికి ఈ ఉపకరణాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో వాళ్లు వచ్చి కొలతలు తీసుకుంటారు. ఆధార్, ఫొటోలు, ఆదాయ సర్టిఫికెట్, పాత ఆస్పత్రి చీటీలు అన్నీ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, బిడ్డకు తిండి, నీళ్లు, ఒక ఆటబొమ్మ వెంట ఉండాలి. ఆకలితో, ఏడుస్తూ ఉన్న బిడ్డను ఎంత మంచి నిపుణుడైనా సరిగా అంచనా వేయలేడు.

సైకాలజిస్ట్ దగ్గర ఏం జరుగుతుంది

అందరికీ టెన్షన్ ఇక్కడే. ఇంజెక్షన్ లేదు, మిషన్ లేదు. బిడ్డతో కూర్చుని బొమ్మలు పేర్పిస్తారు, చెక్క ముక్కలను వాటి గుంతల్లో పెట్టమంటారు, ప్రశ్నలు అడుగుతారు, అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటారు. తెలివి అంచనాకు బినె కామత్ పరీక్ష, మాలిన్స్ స్కేల్ లాంటివి వాడతారు. బిడ్డ సొంత పనులు ఎంతవరకు చేసుకుంటుందో తెలుసుకోవడానికి మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు, దాన్ని వైన్‌ల్యాండ్ స్కేల్ అంటారు. ఇక్కడ మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బిడ్డ మీద ప్రేమతో "అన్నీ చేసుకుంటది" అనొద్దు, పింఛన్ కోసం "ఏదీ చేసుకోదు" అనొద్దు. రెండూ రేపు బిడ్డ చదువుకే అడ్డొస్తాయి. ఆటిజం అనుమానం ఉంటే ఇసా అనే మన దేశంలోనే తయారైన 40 అంశాల స్కేల్ ఉంది. చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బందికి నిమ్హాన్స్ బ్యాటరీ అనే పరీక్షల వరుస వాడతారు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ రకానికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని, 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ చూడాలని ఉండేది, 2024లో వాటి బదులు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పటి పద్ధతి ఏమిటో అడగండి. బిడ్డ చిన్నది, ఇంకా సర్టిఫికెట్ రాదని సాయం ఆపాల్సిన పనిలేదు.

భాష సంగతి దగ్గర గట్టిగా ఉండండి. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్లలో కోయ, ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు బడిలో తెలుగే కొత్త, దాని మీద 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. అలాంటి బిడ్డను తెలియని భాషలో ప్రశ్న అడిగి, జవాబు రాలేదని తెలివి తక్కువ అని రాసేస్తే అది బిడ్డ లోపం కాదు, పరీక్ష లోపం. "ఇంట్లో ఈ భాష మాట్లాడతాం, ఆ భాషలో అడగండి, లేకపోతే మాటలు అవసరం లేని పరీక్ష పెట్టండి" అని మీరే చెప్పండి. నివేదికలో ఏ భాషలో పరీక్ష చేశారో రాయించుకోండి.

ప్రైవేటుగా చేయించుకుంటే, పరీక్ష చేసేవాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, నంబర్ చూపించమనండి. హనుమకొండలో థెరపీ సెంటర్ల బోర్డులు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. బాగా పనిచేసేవాళ్లు ఉన్నారు, నంబర్ అడిగితే వాళ్లు నొచ్చుకోరు. అన్ని పరీక్షలూ ఒకేచోట కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, తెలివికి సంబంధించిన వైకల్యాల మీదే పనిచేస్తుంది. కాజీపేట నుంచి పొద్దున రైలు ఎక్కితే చాలు. బిడ్డ నిద్ర చెడకుండా ముందురోజే హైదరాబాద్‌లో చుట్టాలింటికి చేరుకోగలిగితే ఇంకా మంచిది.

రిపోర్ట్ చేతికి వచ్చాక అందులో ఒక అంకె ఉంటుంది, కళ్లు దాని మీదే పడతాయి. ఆ అంకెను పక్కన పెట్టి "ఈ బిడ్డకు ఎలా చెప్తే అర్థమవుతుంది?" అని సైకాలజిస్ట్‌ను అడగండి, ఆ జవాబు కూడా రిపోర్ట్‌లో రాయమనండి. బడికి పనికొచ్చేది అదే.

ఐఈపీ లేకుండా ఇదంతా కాగితమే

పరీక్షలన్నీ అయ్యాక బిడ్డకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి, ఐఈపీ అంటారు. క్లాస్ టీచర్, ఐఈఆర్‌పీ, మీరు ముగ్గురూ కూర్చోవాలి. "చదువులో మెరుగుపరచాలి" అని రాస్తే సంతకం పెట్టకండి. "దసరా సెలవుల లోపు రెండక్షరాల మాటలు చూసి చదవాలి, రోజూ పావుగంట ఐఈఆర్‌పీ చెప్పిన పద్ధతిలో క్లాస్ టీచర్ చేయిస్తారు, ముందు బెంచీలో కూర్చోబెడతారు, డిక్టేషన్ బదులు నోటితో అడుగుతారు" అని ఉంటే అది ఐఈపీ. ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, ఈ మూడూ కనపడాలి. సంక్రాంతికి ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి మళ్లీ కూర్చుని ఏది వచ్చింది, ఏది రాలేదు చూసుకోండి. రాకపోతే బిడ్డను తిట్టకండి, పద్ధతి మార్చమనండి.

ఇప్పుడు సదరం, యూడీఐడీ

సర్టిఫికెట్ అక్కర్లేదని నేను అనట్లేదు, దాని పని దానికుంది. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో గానీ మీసేవలో గానీ దరఖాస్తు చేసి, ఇచ్చిన తేదీకి ఆస్పత్రి శిబిరానికి వెళ్లాలి. జనం ఇప్పటికీ సదరం అనే అంటారు. శాతాన్ని బట్టి కార్డు రంగు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. 40, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత చదువు చట్టం ఇచ్చిన హక్కు. మామూలుగా విద్యాహక్కు 14 ఏళ్లతో ఆగుతుంది, వీళ్లకు ఆగదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా గురించి కూడా అడగండి, లక్ష రూపాయల వరకు ఉంటుంది.

పదో తరగతికి వచ్చే పిల్లలుంటే ఆలస్యం చేయొద్దు. అదనపు సమయం, రాసిపెట్టే స్క్రైబ్, రెండో మూడో భాష మినహాయింపు లాంటి సడలింపులకు చట్టంలో చోటుంది, కానీ అవి హెడ్‌మాస్టర్ ద్వారా, మెడికల్ సర్టిఫికెట్‌తో, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడే అడగాలి. ఫిబ్రవరిలో పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు. తొమ్మిదో తరగతి వేసవిలోనే సర్టిఫికెట్ పని ముగించండి, స్క్రైబ్‌తో రాయడం కూడా అలవాటు చేయించండి. చెప్పి రాయించడం అనేది నేర్చుకోవాల్సిన పని, ఒక్కరోజులో రాదు.

బడి కదలకపోతే

నెల దాటినా దరఖాస్తుకు జవాబు లేకపోతే ముద్ర వేసిన కాపీ పట్టుకుని ఎంఈవో దగ్గరికి వెళ్లండి. అక్కడా కాకపోతే డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు. దివ్యాంగ పిల్లల అడ్మిషన్లు, సౌకర్యాలు చూడటానికి అక్కడ ఒక నోడల్ అధికారి ఉండాలని 2017 నిబంధనల్లో ఉంది, ఆ అధికారి ఎవరో పేరు అడగండి. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, అక్కడ అర్జీకి రసీదు ఇస్తారు. ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. టీచర్లు లేరని చెప్తే, ప్రత్యేక టీచర్ ప్రాథమికంలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, ప్రాథమికోన్నత తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022లోనే నోటిఫికేషన్ ఇచ్చిందని గుర్తుచేయండి. గొడవ పెట్టుకోమని చెప్పట్లేదు, అదే టీచర్ దగ్గర రేపు మీ బిడ్డ కూర్చోవాలి. మాట మెత్తగా ఉండాలి, కాగితం గట్టిగా ఉండాలి. ఒక్కరే వెళ్లే బదులు మీ మండలంలో ఇలాంటి పిల్లలున్న ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి వెళ్లండి, భవిత కేంద్రం దగ్గర వాళ్లు మీకు దొరుకుతారు.

చివరగా ఫైలు సంగతి. ఐదో తరగతి అయ్యి ఆరుకు హైస్కూల్‌కో, గురుకులానికో మారేటప్పుడు ఈ శ్రమంతా పాత బడి బీరువాలోనే ఉండిపోతుంది, కొత్త బడిలో మళ్లీ "మీ వాడికి ఏమైంది?" దగ్గర మొదలవుతుంది. అందుకని ఏప్రిల్‌లోనే ఐఈపీ, రిపోర్టులు, కార్డు అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. టీసీతో పాటు ఒక సెట్ కొత్త హెడ్‌మాస్టర్ చేతికి ఇచ్చి, జూన్ మొదటి వారంలోనే కొత్త క్లాస్ టీచర్‌ను, ఆ మండలం ఐఈఆర్‌పీని కలిపి కూర్చోబెట్టండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరు అడిగినా చూపించి వెనక్కి తెచ్చుకోండి.